మార్చి నెల రసీదు

పరకాల తహశీల్ ఆఫీసు ముంగట
రేకుల కింద నా బల్ల.
మూడు కుర్చీలు. ఒకదానికి కాలు లేదు,
గోడకు ఆనిచ్చి పెట్టిన.
సచ్చినోళ్ల భూములన్నీ
మొదలు ఈ బల్ల మీదికెల్లే బతికున్నోళ్లకు పోతయి.

పోయిన నెల కొమ్మాలు వచ్చిండు.
వెంట తమ్ముడు, అక్క.
అక్క కూసోలేదు.
"సారూ, మా బాపు పోయి మూడు నెలలాయె.
తండ్రి ఆస్తి కొడుకులకు రావాలంటే
సర్కారు పన్నేస్తదట, నిజమేనా?
సగం గుంజుకుంటదట?"

లేదు బిడ్డా, అన్న.
ఒకప్పుడుండె. నేను నిక్కర్ల మీద తిరిగేటప్పుడు
సచ్చినోని సొత్తుకు వెల గట్టి
పెద్దపెద్దోళ్ల కాడ వసూలు జేసేటోళ్లు.
ఎనభై ఐదుల ఎత్తేసిండ్రు.
వేరే దేశాలల్ల ఇంకా ఉందట,
పన్ను గట్టనీకి కొందరు
తండ్రి ఇల్లే అమ్ముకుంటరట.
మన దగ్గెర సావు మీద పన్ను లేదు.

కొమ్మాలు నవ్వబోయిండు.
జర ఆగుమన్న.
కాయితం దీసి రాసుడు మొదలువెట్టిన:
మరణ పత్రం, కుటుంబ సభ్యుల పత్రం,
స్లాటు పైసలు, ఎకరం జొప్పున విరాసత్ ఫీజు.
చాయ పైసలు రాయలేదు, వేళ్లతోని చూపిన.
రెండెకరాల ఏడు గుంటలు,
ఇద్దరన్నదమ్ముల నడుమ ఒక బావి,
బావికి ఒక మోటరు,
మోటరుకు ఒకటే స్టార్టరు డబ్బా.
ఇగ ఆఖరి వరుసల
అక్క సంతకం.
దానికి సర్కారు రేటు లేదు.

సారక్క అప్పుడు ముంగటికొచ్చింది.
"నాకెంతొస్తది సారూ?"
కొమ్మాలు నేల జూసిండు. తమ్ముడు ఫోను జూసిండు.
ముగ్గురికి సమానమైతే
ఇరవై తొమ్మిది గుంటలమ్మా, అన్న.
"ఇరవై తొమ్మిది" అని మల్లొకపారి అనుకున్నది,
వక్కపలుకు ఏ దవడకు పెట్టాల్నో తెలువనట్టు.
రేపొస్తం సారూ, అని లేచిండు కొమ్మాలు.
ఆ రేపు ఇంకా రాలేదు.

గిసువంటోళ్లను మస్తుమందిని జూసిన.
ఒకామె ముగ్గురు తమ్ముళ్ల కోసం
వేలిముద్ర పెట్టింది, ఒక్క మాట అనలే.
పోతాపోతా ఆ సిరాను
కొంగుకు గాదు, నా గోడకు తుడిసింది.
రెండు సార్లు సున్నమేసిన.
మరక మల్ల పైకొచ్చింది.

ఇగ నా సంగతి.
ముప్పై ఏండ్ల సంది ఈ కాయితాలే రాస్తన్న.
మా నాయిన ఓదెలు పోయి పదకొండేండ్లు,
ఇల్లు ఇంకా ఆయన పేరు మీదనే ఉంది.
ఎందుకు మార్పియ్యలేదని అడిగితే
నాయిన పేరు తుడువ మనసొప్పలే, అంట.
వినేటోళ్ల కండ్లల్ల నీళ్లు తిరుగుతయి.
మంచిగనే ఉంటది ఆ మాట.
ఉత్తదే.

మా చెల్లె కనకలక్ష్మి హుజూరాబాదుల ఉంటది.
బస్సెక్కితే పెద్ద దూరమేం గాదు.
పేరు మారాలంటే ఆమె సంతకం గావాలె,
సంతకం గావాలంటే ఆమె గడప తొక్కాలె.
చాయ పెడ్తది. బిస్కెట్లు పెడ్తది.
"నాకెంతొస్తది అన్నా" అని
అడిగినా అడుగుతది, అడగకపోనూ పోవచ్చు.
అడగకపోతేనే భయం.
ఊరందరికి చెప్పే లెక్క
ఆ ఒక్క ఇంట్ల నా నోటికి రాదు.

మార్చి ఆఖర్ల మునిసిపాలిటి పిలగాడొస్తడు,
మెడల మిషను ఏలాడేసుకొని.
ఈ ఏడు కొత్తోడు.
గేటు కాడ నిలవడి బిల్లు జూసి
"ఓదెలు గారు ఉన్నరా?" అన్నడు.
బయటికి పోయిండు, అన్న.
పైసలిచ్చిన. మిషను కీచుకీచుమని
నాయిన పేరును కొద్దికొద్దిగ బయటికి తోసింది.
వాడు రసీదు చింపి చేతిలో పెట్టి,
చిల్లర కోసం జేబులు వెతుక్కుంట
ఊకనే అడిగిండు:
"ఎప్పుడొస్తడు?"